కాలేజీ క్వార్టర్‌బ్యాక్‌ను అంచనా వేయడం: జోష్ అలెన్ ఉదాహరణ ఎంతవరకు చెల్లుతుంది?

మీ ప్రశ్నను మిగతా పాఠకుల కోసం ముందుగా క్లుప్తంగా చెప్తాను. డాలస్ శివార్లలోని మీ తెలుగు మిత్రబృందంలో ఏటా ఏప్రిల్ వచ్చేసరికి, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ దగ్గర పడేసరికి, ఒకే వాదన తలెత్తుతోంది. కాలేజీలో కంప్లీషన్ శాతం (విసిరిన పాస్‌లలో తోటివాళ్లు పట్టినవాటి వాటా) తక్కువగా ఉన్న క్వార్టర్‌బ్యాక్‌ను, అంటే జట్టు దాడిని నడిపి పాస్‌లు విసిరేవాణ్ని, మొదటి రౌండ్‌లో తీసుకోకూడదని మీరు అంటున్నారు, "మరి జోష్ అలెన్ సంగతేమిటి?" అని, తక్కువ శాతంతో వచ్చి బఫెలోలో మేటివాడైన అతణ్ని చూపి అవతలివారు అడగగానే మీ దగ్గర జవాబు ఉండడం లేదు. అలెన్ ఉదాహరణకు ఎంత విలువ ఇవ్వాలి, టీవీలో ఆట చూసే మనబోటివారు దేన్ని గమనించి ఒక కుర్రాణ్ని అంచనా వేయాలి, నమ్మదగిన క్వార్టర్‌బ్యాక్ లేని జట్టు తన మొదటి ఎంపికను తప్పనిసరిగా ఆ స్థానం మీదే పెట్టాలా అన్నవి మీరు అడిగిన మూడు సంగతులు.

శనివారం కాలేజీ ఆటలు, ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటలు చాలా ఏళ్లుగా చూస్తున్నవాడిగా, టెక్సస్‌లో ఒక హైస్కూల్ జట్టుకు ఆటల వీడియోలు కూర్చి ఇచ్చే పనిలో కొంతకాలం పాలుపంచుకున్నవాడిగా నా అభిప్రాయం చెప్తాను. మీ వాదంలోనే ఎక్కువ పాలు నిజం ఉంది. అయితే మీరు, మీ మిత్రులు ఇద్దరూ చూడవలసిన చోట చూడడం లేదు. కోచ్ గీసిన ఆట (బంతిని ముందుకు తీసుకెళ్లే ఒక్కో ఎత్తుగడ) గీసినట్టే సాగినప్పుడు క్వార్టర్‌బ్యాక్ సాధించినదంతా అంకెల్లోకి ఎక్కుతుంది. కానీ ఆ ఆట చెడిపోయి, ఎదురుగా మనిషి మీద పడుతున్నప్పుడు అతడు ఏం చేశాడన్నదే ఎన్‌ఎఫ్‌ఎల్‌కు అతడితో పాటు వెళ్తుంది. నా మాట మొత్తం ఈ ఒక్క భేదం మీదే నడుస్తుంది.

ముందుగా అలెన్ వచ్చిన 2018 బ్యాచ్‌నే తీసుకుందాం, ఎందుకంటే క్వార్టర్‌బ్యాక్‌ల మీద జరిగే ప్రతి వాదనకూ కావలసిన సరుకు ఆ ఒక్క ఏడాదిలోనే దొరుకుతుంది. ఆ ఏడాది మొదటి రౌండ్‌లో ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్లారు. బేకర్ మేఫీల్డ్‌ను క్లీవ్‌లాండ్ మొదటి ఎంపికగా, శామ్ డార్నాల్డ్‌ను న్యూయార్క్ జెట్స్ మూడో ఎంపికగా, జోష్ అలెన్‌ను బఫెలో ఏడో ఎంపికగా, జోష్ రోజెన్‌ను ఆరిజోనా పదో ఎంపికగా తీసుకున్నాయి. లమార్ జాక్సన్ 32వ ఎంపిక దాకా, అంటే ఆ రౌండ్ చిట్టచివరి దాకా, ఎదురుచూసి బాల్టిమోర్‌కు వెళ్లాడు. అప్పట్లో చాలామంది "డ్రాఫ్ట్ చేసే నాటికే ఎన్‌ఎఫ్‌ఎల్‌కు సిద్ధంగా ఉన్నవాడు" అని మెచ్చుకున్నది రోజెన్‌ను. రోజెన్ ఒక్క సీజన్ ఆడగానే ఆరిజోనా మరుసటి ఏడాది మొదటి ఎంపికతో కైలర్ మరీని తెచ్చుకుని, ఇతణ్ని మయామీకి పంపేసింది. "ఇతడు క్వార్టర్‌బ్యాక్‌గా పనికిరాడు, రిసీవర్‌గా (పాస్‌లు పట్టేవాడిగా) ఆడించాలి" అని అనుభవజ్ఞుడైన మాజీ జనరల్ మేనేజర్ బిల్ పోలియన్ సహా కొందరు బాహాటంగా అన్నది లమార్ గురించి. అతడు 2019లో ఏకగ్రీవంగానూ, 2023లో మళ్లీనూ ఎంవీపీ (సీజన్ అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. 2024 సీజన్ ఎంవీపీ అలెన్.

ఈ ఫలితాలను చూసి, అంచనా అంతా గాలివాటమేనని తేల్చేయడం సులువు. నేను అలా అనను, ఎందుకంటే లమార్ విషయంలో జరిగింది చూపులోని పొరపాటు కాదు, చూడడానికే నిరాకరించడం. లూయివిల్‌లో అతడు 2016లో కాలేజీ మేటి ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచిన ఏడాది 3,500 గజాలకు పైగా పాస్‌లతో, 1,500 గజాలకు పైగా పరుగులతో సాధించాడు. అందరికీ కనిపించింది పరుగే. అక్కడ అతడికి కోచ్ బాబీ పెట్రినో ఇచ్చిన పాస్‌ల పద్ధతి, ఒక రిసీవర్ నుంచి మరో రిసీవర్‌కు వరుసగా చూపు మార్చమని అడిగేది. తోటివాళ్లు పట్టవలసిన బంతులు ఎన్నో జారవిడిచారు. ఆ వీడియోలు చూసినవారికి, పాకెట్‌లో (తనవాళ్లు కాపు కాసే చోట) నిలబడి మూడో రిసీవర్ దాకా కళ్లు తిప్పే కుర్రాడు కనిపించాడు. చూడనివారికి పరుగెత్తేవాడు మాత్రమే కనిపించాడు. నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లను రిసీవర్లుగా మార్చాలనే పాత అలవాటు ఈ తీర్పుల వెనుక లేదని నేను నమ్మను.

ఇక అలెన్. కాలిఫోర్నియాలోని ఫైర్‌బా అనే చిన్న వ్యవసాయ ఊరి నుంచి వచ్చి, హైస్కూల్ ముగిసేనాటికి ఏ పెద్ద కాలేజీ స్కాలర్‌షిప్ ఇవ్వక, జూనియర్ కాలేజీలో ఏడాది ఆడి, చివరికి వయోమింగ్ చేరిన వాడతడు. అక్కడ రెండేళ్లూ అతడి కంప్లీషన్ శాతం 56 దగ్గరే ఆగింది. అయోవా, ఒరెగాన్ వంటి పెద్ద జట్ల ముందు తేలిపోయాడు. బఫెలోలో తొలి ఏడాది శాతం 52.8, రెండో ఏడాది 58.8. మూడో ఏడాది, అంటే 2020లో, అది ఒక్కసారిగా 69.2కు ఎగబాకింది. ఈ చివరి అంకెనే మీ మిత్రులు జెండాలా ఊపుతున్నారు.

ఆ మధ్యలో జరిగిన పని వారి మాటల్లో రాదు. బఫెలో అతడికి కాపు కాసే ముందు వరుసను (లైన్‌ను) కొత్తగా కట్టింది, 2020 మార్చిలో స్టెఫాన్ డిగ్స్‌ను ట్రేడ్‌లో తెచ్చింది, బ్రయన్ డాబొల్ అనే ఒకే అఫెన్సివ్ కోఆర్డినేటర్‌ను (దాడి ఎత్తుగడలు గీసే కోచ్‌ను) నాలుగేళ్లపాటు అతడి వెంటే ఉంచింది. సీజన్ లేని నెలల్లో అలెన్ తన అడుగుల వరుసను, నడుము తిప్పే తీరును ప్రత్యేక శిక్షకుడి దగ్గర మళ్లీ నేర్చుకున్నాడు. అన్నిటికంటే ముఖ్యంగా, వయోమింగ్‌లో ఉన్ననాడే అతడిలో ఒక గుణం ఉంది: లైన్ కూలిపోయి ఇద్దరు మీద పడుతున్నా కింద పడకుండా, కళ్లు మైదానం మీదే ఉంచి, బంతిని నలభై గజాల అవతలకు విసరగలిగేవాడు. ఆ బంతి చాలాసార్లు గురి తప్పేది, కానీ ఆట చెడిపోయినప్పుడు అతడు చెడిపోయేవాడు కాదు. నేను ఇంతకుముందు చెప్పిన భేదానికి అలెన్ వ్యతిరేక సాక్ష్యం కాదు, అనుకూల సాక్ష్యమే.

అయితే అతణ్ని చూపి "శాతం చూడనక్కర్లేదు" అనడం వేరే సంగతి. నెగ్గినవాడి పేరు అందరికీ గుర్తుంటుంది, ఓడినవారి పేర్లు ఎవరూ గుర్తు చేసుకోరు. కైల్ బోలర్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆడినంతకాలం మీద సగటున యాభై శాతం కంప్లీషన్ కూడా దాటలేదు. మోకాళ్ల మీద కూర్చుని, యాభై గజాల గీత దగ్గర నుంచి గోల్‌పోస్టుల మధ్యగా బంతి విసిరి చూపాడని అతడి చేతి బలం గురించి కథలు కథలుగా చెప్పుకున్నారు. 2003లో బాల్టిమోర్ 19వ ఎంపికగా తీసుకుంది. అతడు అక్కడ నిలదొక్కుకోలేదు. జేక్ లాకర్ వాషింగ్టన్‌లో 54 శాతం దగ్గర ఆడి, 2011లో టెనెసీకి ఎనిమిదో ఎంపికగా వెళ్లి, నాలుగు సీజన్లకే ఆట మానుకున్నాడు. ఆంథొనీ రిచర్డ్‌సన్ 2023లో, డ్రాఫ్ట్‌కు ముందు ఇండియానాపొలిస్‌లో జరిగే కంబైన్ అనే శారీరక పరీక్షల్లో 4.43 సెకన్లలో నలభై గజాలు పరుగెత్తి, నిలువుగా 40.5 అంగుళాలు ఎగిరి క్వార్టర్‌బ్యాక్‌లలో రికార్డు పెట్టి, ఇండియానాపొలిస్ కోల్ట్స్‌కు నాలుగో ఎంపికగా వెళ్లాడు. ఫ్లోరిడాలో అతడి చివరి ఏడాది శాతం 53.8, 2024లో కోల్ట్స్ జట్టులో 47.7. కాబట్టి మీ మిత్రులు ఈసారి అలెన్ పేరు ఎత్తితే, "అలెన్‌తో పాటు బోలర్, లాకర్, రిచర్డ్‌సన్‌లను కూడా లెక్కలో వేసుకుని మాట్లాడదాం" అనండి. గురి కుదరని చేయి కుదురుకోవడం అసాధ్యమేమీ కాదు, అరుదు. మొదటి రౌండ్ ఎంపికను అరుదైన దాని మీద పెట్టే జట్టుకు ఓపిక, శిక్షకులు, రిసీవర్లు మూడూ ఉండాలి.

ఇక రెండో ప్రశ్న, ఏం చూడాలన్నది. దీనికి ముందు కాలేజీ అంకెలు ఎందుకు ఉబ్బి ఉంటాయో తెలియాలి. శాతం తక్కువగా ఉంటే అనుమానించాలన్న మీ మాట ఒప్పుకుంటాను. కానీ శాతం ఎక్కువగా ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. నేటి కాలేజీ ఆటలో చాలా జట్లు స్నాప్ కాగానే (బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి రాగానే) దాన్ని, ఆట మొదలైన గీత వెనుకనే ఉన్న రిసీవర్‌కు అందించే స్క్రీన్ పాస్‌లతో నిండి ఉంటాయి. అక్కడ విసిరేవాడి పని మూడు గజాల పాస్. పరుగు, గజాలు అన్నీ పట్టినవాడివి. దీనికి తోడు ఆర్‌పీఓ అనే పద్ధతి ఉంది. క్వార్టర్‌బ్యాక్ ఒక లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ రెండో వరుసవాడు) ఎటు కదిలాడో చూసి, బంతిని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ కడుపులో పెట్టాలా, తీసి విసరాలా అన్నది అప్పటికప్పుడు తేల్చుకుంటాడు. కాలేజీ నిబంధనల ప్రకారం పాస్ ఆటలో లైన్ మనుషులు మూడు గజాల దాకా ముందుకు వెళ్లవచ్చు; ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక గజమే. ఆ రెండు గజాల తేడా చిన్నదిగా కనిపించినా, కాలేజీ కుర్రాడికి అది బంతిని ఇంకొంచెంసేపు పట్టుకుని నింపాదిగా చూసుకునే వెసులుబాటు. పై స్థాయికి వెళ్లాక ఆ వెసులుబాటు పోతుంది. రిసీవర్ బంతి పట్టేటప్పుడు కాలేజీలో ఒక పాదం లోపల ఉంటే చాలు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండూ ఉండాలి. అంచు గీత దగ్గరి పాస్‌లలో దీనివల్ల పోయే కంప్లీషన్లు తక్కువేమీ కాదు.

మైదానం మీది గీతలు కూడా ఒక్కటిగా ఉండవు. ఇది నాకు ఇష్టమైన సంగతి కనుక కాస్త విస్తరించి చెప్తాను. బంతిని ప్రతి ఆటకు ముందు ఉంచే రెండు వరుసల చిన్న గీతలను హాష్ మార్కులంటాము. కాలేజీలో ఈ రెండు వరుసల మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. మైదానం వెడల్పు రెండు చోట్లా 160 అడుగులే. అంటే కాలేజీలో బంతి ఎడమ వరుస మీద ఉంటే, ఎడమ అంచు 60 అడుగుల దూరంలోను, కుడి అంచు 100 అడుగుల దూరంలోను ఉంటాయి. ఆ నూరడుగుల వైపు రిసీవర్లకు విశాలమైన చోటు దొరుకుతుంది కనుక, డిఫెన్స్ పలచబడి, తేలిక పాస్‌లు పుట్టుకొస్తాయి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బంతి దాదాపు మధ్యలోనే ఉంటుంది, ఆ విశాలమైన వైపన్నది ఉండదు.

అయితే ఇదే గీత ఒక నిజమైన పరీక్షను కూడా ఇస్తుంది. ఎడమ హాష్ మీద బంతి ఉన్నప్పుడు, కుడి అంచు దగ్గర పదిహేను గజాల లోతులో ఆగి తిరిగే రిసీవర్‌కు పాస్ విసరడం గమనించండి. క్వార్టర్‌బ్యాక్ గీతకు ఏడు గజాల వెనుక నిలబడతాడు కనుక ముందుకు 22 గజాలు, అడ్డంగా సుమారు 31 గజాలు. లెక్క వేస్తే బంతి గాలిలో 38 గజాలు పోవాలి. స్కోరు పట్టికలో అది "15 గజాలు" అని మాత్రమే పడుతుంది. ఆ బంతి నెమ్మదిగా వెళ్తే రిసీవర్‌ను కాసే కార్నర్‌బ్యాక్ మధ్యలో దూరి ఎత్తుకుపోతాడు. చేతి బలం ఎంతో తెలియాలంటే అరవై గజాల పైకెగిరే బంతులు కాదు, ఈ అడ్డ పాస్‌లు చూడాలి. ఇంకా ముఖ్యంగా, రిసీవర్ వెనక్కి తిరగకముందే బంతి చేతిని వదిలిందా, తిరిగాక వదిలిందా అన్నది చూడాలి. ముందే వదిలితే అతడికి ఊహించే శక్తి ఉంది. తిరిగాక వదిలితే అతడు కంటికి కనిపించినదాన్ని మాత్రమే నమ్ముతాడు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అప్పటికే ఆలస్యమైపోతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. మీరు ఒక కుర్రాడి ఆటను చూసేటప్పుడు మూడో డౌన్‌లో, అంటే పది గజాలు సాధించడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో, ఎనిమిది గజాలో అంతకంటే ఎక్కువో కావలసిన ఆటలను వేరు చేసుకోండి. పాస్ వస్తుందని డిఫెన్స్‌కు తెలుసు, స్క్రీన్ పనికిరాదు, కోచ్ దాచగలిగింది తక్కువ. వాటిలోనూ ఎవరో ఒకరు అతడి మీదికి వచ్చిన ఆటలను మళ్లీ వేరు చేసుకోండి. అక్కడ అతడి కళ్లు ఎక్కడున్నాయి? మీదికి వచ్చేవాణ్ని చూస్తున్నాడా, రిసీవర్లను చూస్తున్నాడా? ఒక అడుగు ముందుకు జరిగి పాకెట్‌లోనే చోటు చేసుకున్నాడా, వెనక్కి పరుగెత్తి పదిహేను గజాల నష్టానికి చోటిచ్చాడా? దారి మూసుకుపోతే బంతిని అంచు బయటికి విసిరేసి తరువాతి ఆటకు సిద్ధమయ్యాడా? ప్రెషర్ వచ్చిన ఆటల్లో ఎన్ని సాక్‌లుగా (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడంగా) ముగిశాయన్న లెక్కను ఈమధ్య విశ్లేషకులు ఎక్కువగా చూస్తున్నారు. అది లైన్ లోపం కంటే క్వార్టర్‌బ్యాక్ అలవాటునే ఎక్కువగా చూపుతుందని నేనూ ఒప్పుకుంటాను. యూఎస్‌సీలో కేలెబ్ విలియమ్స్ బంతిని ఎక్కువసేపు పట్టుకుని అద్భుతాలు చేసేవాడు. 2024లో షికాగోలో తొలి సీజన్‌లోనే 68 సాక్‌లు తిన్నాడు. ఆ జట్టు లైన్ బాగా లేదన్నది నిజం, అలవాటు వెంట వచ్చిందన్నది కూడా నిజం.

ఈ పరీక్షకు నా దృష్టిలో మేలైన ఉదాహరణ సీజే స్ట్రౌడ్. ఒహాయో స్టేట్‌లో అతడి చుట్టూ మొదటి రౌండ్ స్థాయి రిసీవర్లు, గట్టి లైన్ ఉండేవి. అందుకే "అంతా సాఫీగా ఉన్నప్పుడే ఆడతాడు, ఆట చెడితే ఏమీ చేయలేడు" అని అతడి మీద విమర్శ ఉండేది. 2022 డిసెంబరు 31న అట్లాంటాలో జాతీయ సెమీఫైనల్‌లో జార్జియా ఎదురైంది. ఆ ఏడాది దేశంలోని మేటి డిఫెన్స్‌లలో ఒకటి అది. అతడి ప్రధాన రిసీవర్ మార్విన్ హారిసన్ జూనియర్ దెబ్బ తగిలి మధ్యలోనే బయటికి వెళ్లాడు. స్ట్రౌడ్ 34 పాస్‌లలో 23 పూర్తి చేసి 348 గజాలు, నాలుగు టచ్‌డౌన్లు సాధించాడు. అంకెల కంటే ఆ తీరు చూడాలి: పాకెట్ కూలినప్పుడల్లా పక్కకు జారి, పరుగెత్తుతూనే లోతుగా విసిరాడు, చివరి నిమిషంలో దారి లేకపోతే తనే 27 గజాలు పరుగెత్తి జట్టును కిక్ దూరంలోకి తెచ్చాడు. యాభై గజాల ఆ కిక్ పక్కకు పోయింది, ఒహాయో స్టేట్ 42-41తో ఓడింది. ఓడినా ఆ ఒక్క రాత్రి వీడియో, అతడి రెండు సీజన్ల అంకెలకంటే ఎక్కువ చెప్పింది. మరుసటి ఏడాది హ్యూస్టన్‌లో 4,108 గజాలు, 23 టచ్‌డౌన్లు, ఐదే ఇంటర్‌సెప్షన్లతో (ఎదుటివారు పట్టేసిన పాస్‌లతో) అతడు అఫెన్స్‌లో మేటి కొత్త ఆటగాడి పురస్కారం అందుకున్నాడు.

డ్రాఫ్ట్‌కు ముందు అదే స్ట్రౌడ్ గురించి ఎస్2 అనే బుద్ధి వేగ పరీక్షలో తక్కువ మార్కులు వచ్చాయన్న వార్త బయటికి పొక్కింది, జనం దాన్నే పట్టుకు వేలాడారు. ఇండియానాపొలిస్‌లో జరిగే కంబైన్ పెళ్లిచూపుల వంటిది. ఎత్తు, బరువు, అరచేతి కొలత, నాలుగు మంచి మాటలు అక్కడ తెలుస్తాయి. కాపురం ఎలా సాగుతుందో తెలియదు. కెన్నీ పికెట్ అరచేయి ఎనిమిదిన్నర అంగుళాలని నెలల తరబడి చర్చ నడిచింది. కాలేజీలోనే స్కౌట్ల ముందు జరిగే, ఎవరూ అడ్డురాని ప్రో డేలో, పరుగెత్తుతూ ఒళ్లు అడ్డంగా తిప్పి జాక్ విల్సన్ విసిరిన ఒక పొడవాటి బంతిని 2021లో అందరూ వేనోళ్ల పొగిడారు. ఇలాంటివాటికి నేను పెద్దగా విలువ ఇవ్వను. ఎత్తు మాత్రం పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు; బ్రైస్ యంగ్ అయిదడుగుల పది అంగుళాలవాడు కావడం అతడి తొలి ఏడాది కష్టాల్లో ఒక పాలే అయినా, అది ఉన్నమాటే.

అనుభవం సంగతి అంతకంటే విలువైనది. నాలుగో ఏడాది విద్యార్థి అయి ఉండాలి, పట్టా పుచ్చుకుని ఉండాలి, మూడేళ్లు మొదటి వరుస క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి ఉండాలి, 23 విజయాలు ఉండాలి అని పేరుమోసిన కోచ్ బిల్ పార్సెల్స్ పెట్టుకున్న పాత సూత్రాన్ని అక్షరాలా పాటిస్తే నేడు మంచివాళ్లు చాలామంది జారిపోతారు, కానీ అందులోని తర్కం నిలబడుతుంది. మిచెల్ ట్రూబిస్కీ నార్త్ కరోలైనాలో మొదటి నుంచి ఆడినవి 13 ఆటలే. షికాగో 2017లో మూడో స్థానం నుంచి రెండో స్థానానికి ఎగబాకడానికి అదనపు ఎంపికలు చెల్లించి మరీ అతణ్ని తీసుకుంది. అదే రౌండ్‌లో పాట్రిక్ మహోమ్స్ పదో ఎంపిక దాకా మిగిలాడు. ట్రే లాన్స్‌కు నార్త్ డకోటా స్టేట్‌లో 17 ఆటలు, రిచర్డ్‌సన్‌కు 13. ఇంత తక్కువ ఆటల్లో మూడో డౌన్ కష్టాలు చూసే అవకాశమే మనకు సరిగా దొరకదు. గుణం లేదని కాదు, ఉందో లేదో తెలియదని భయం. ఇప్పుడు కాలేజీ మారడానికి వీలిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వల్ల, 2021 నుంచి ఆటగాళ్లకు పేరు మీద డబ్బు సంపాదించుకునే వీలు కలగడం వల్ల కుర్రాళ్లు కాలేజీలోనే అయిదేళ్లు ఉంటున్నారు. బో నిక్స్ 61 ఆటలు ఆడి 2024లో డెన్వర్‌కు వచ్చాడు. అరిజోనా స్టేట్, ఎల్‌ఎస్‌యూల మీదుగా అయిదేళ్ల తరువాత వచ్చిన జేడెన్ డేనియల్స్, ముందు ఏడాది నాలుగే గెలిచిన వాషింగ్టన్‌ను పన్నెండు విజయాలకు, కాన్ఫరెన్స్ ఫైనల్‌కు తీసుకువెళ్లాడు. ఇందులో ఒక మెలిక ఉంది: ఇరవై మూడేళ్లవాడు పంతొమ్మిదేళ్లవాళ్ల మీద నెగ్గితే అందులో వయసు వాటా ఎంతో తీసివేసి చూడాలి. జో బరో 2018లో 57.8 శాతం నుంచి 2019లో 76.3 శాతానికి, 60 టచ్‌డౌన్లకు ఎగబాకినప్పుడు నేను కూడా జమార్ చేజ్, జస్టిన్ జెఫర్సన్‌ల వంటి రిసీవర్ల ప్రభావమేనా అని సందేహించాను. ప్రెషర్ వచ్చిన ఆటలు మాత్రమే చూశాక ఆ సందేహం పోయింది.

మహోమ్స్ సంగతి వచ్చింది కనుక ఒక ముచ్చట. 2016 అక్టోబరు 22న లబ్బక్‌లో టెక్సస్ టెక్ మీద ఓక్లహోమా 66-59తో గెలిచింది. ఓడిన జట్టులో మహోమ్స్ 734 గజాల పాస్‌లు విసిరాడు. గెలిచిన జట్టులో మేఫీల్డ్ ఏడు టచ్‌డౌన్లు చేశాడు. డిఫెన్స్ అన్నది లేని ఆటగా చాలామంది దాన్ని నవ్వుకుని వదిలేశారు. తన జట్టు డిఫెన్స్ ఎన్ని పాయింట్లు ఇచ్చినా వెంటనే తిరిగి సాధించాల్సిన స్థితిలో, ప్రతి ఆటా మూడో డౌన్‌లాంటిదే అయిన స్థితిలో, మహోమ్స్ సీజనంతా ఆడాడని గమనించినవారు తక్కువ. టెక్సస్ టెక్ ఆ ఏడాది అయిదు గెలిచి ఏడు ఓడింది, "గెలవడం తెలియనివాడు" అన్న ముద్ర పడింది.

ఇంతవరకు కుర్రాడి గురించి. అతణ్ని తీసుకునే జట్టు గురించి మాట్లాడకుండా ఏ అంచనా పూర్తికాదు. మహోమ్స్‌ను కాన్సాస్ సిటీ తొలి ఏడాదంతా అలెక్స్ స్మిత్ వెనుక కూర్చోబెట్టి, చివరి ఆట ఒక్కటే ఆడించింది. మరుసటి ఏడాది అతడు 50 టచ్‌డౌన్లతో ఎంవీపీ అయ్యాడు. లమార్ కోసం బాల్టిమోర్ 2019లో తన అఫెన్స్ మొత్తాన్నీ మార్చేసింది. మరోవైపు రోజెన్‌కు ఆరిజోనాలో దక్కింది మూడు విజయాల జట్టు, సీజన్ మధ్యలోనే తొలగించిన కోఆర్డినేటర్, ఏడాదికే పోయిన ప్రధాన కోచ్. యంగ్‌ను తీసుకున్న కరోలైనా పదకొండు ఆటలకే కోచ్‌ను పంపేసింది. డార్నాల్డ్‌ను జెట్స్ మూడేళ్లకే వదులుకుంది. కరోలైనాలో ఆడి, శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక ఏడాది ప్రత్యామ్నాయంగా కూర్చుని, 2024లో మిన్నెసోటాకు వచ్చి ఆ జట్టును 14 విజయాలకు నడిపించాడు. మేఫీల్డ్ కూడా నాలుగో జట్టు టాంపాలోనే మళ్లీ స్థిరపడ్డాడు. కనుక "డార్నాల్డ్ మూడో ఎంపికకు తగడు" అని 2020లో అన్నవారి మాట కుర్రాడి మీద తీర్పు కాదు, జెట్స్ మీద తీర్పు. మీ వాదనలో ఎవరైనా ఇద్దరు కుర్రాళ్లను పోల్చి ఒకణ్ని గొప్పవాడన్నప్పుడు, "ఏ జట్టులో?" అని అడగడం మీ హక్కు.

చివరిగా మీ మూడో ప్రశ్న. నమ్మదగిన క్వార్టర్‌బ్యాక్ లేని జట్టు, తన వంతు వచ్చినప్పుడు, పై పరీక్షల్లో నిలబడ్డ కుర్రాడు ఉంటే తీసుకోవాలనే నేను అంటాను. దానికి కారణం డబ్బు. 2010లో మొదటి ఎంపికైన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు సెయింట్ లూయిస్ ఇచ్చిన ఒప్పందం 7.8 కోట్ల డాలర్లది, అందులో 5 కోట్లు హామీ సొమ్ము. 2011లో కొత్త కార్మిక ఒప్పందంతో కొత్త ఆటగాళ్ల జీతాలకు పరిమితి వచ్చాక, అదే స్థానంలో కామ్ న్యూటన్‌కు దక్కినది 2.2 కోట్లు. అంటే నాలుగేళ్లపాటు, మొదటి రౌండ్‌వాళ్ల విషయంలో జట్టు కోరుకుంటే అయిదో ఏడు కూడా, మంచి క్వార్టర్‌బ్యాక్ చవకగా దొరికినట్టే. ఎంపిక విఫలమైనా డబ్బు పరంగా జట్టు కూలిపోదు.

ఇప్పుడు జట్లను ముంచుతున్నది జీతం కాదు, ముందుకు ఎగబాకడానికి చెల్లించే మూల్యం. లాన్స్ కోసం శాన్ ఫ్రాన్సిస్కో మూడేళ్ల మొదటి రౌండ్ ఎంపికలు ఇచ్చింది. 2023 ఆగస్టులో అతణ్ని నాలుగో రౌండ్ ఎంపికకు మీ డాలస్‌కే పంపేసింది. ఆ జట్టును నిలబెట్టింది, అయోవా స్టేట్‌లో నాలుగేళ్లు ఆడి, 2022 డ్రాఫ్ట్‌లో చిట్టచివరి 262వ ఎంపికగా వచ్చిన బ్రాక్ పర్డీ. మీ వంతులో దొరికినవాణ్ని తీసుకోవడం ఒక సంగతి, ఒక్కడి కోసం మూడేళ్ల పంట ముందే అమ్ముకోవడం వేరొక సంగతి. పై పరీక్షల్లో ఎవరూ నిలబడకపోతే వెనక్కి జరగడానికి సంకోచించకూడదు. 2023లో మొదటి ఎంపిక చేతిలో ఉన్న షికాగో దాన్ని కరోలైనాకు ఇచ్చి, డీజే మూర్ అనే రిసీవర్‌ను, ఆ ఏడాది తొమ్మిదో ఎంపికను, రెండో రౌండ్ ఎంపికలు రెండింటిని, వీటితో పాటు కరోలైనా 2024 మొదటి రౌండ్ ఎంపికను పుచ్చుకుంది. కరోలైనా ఆ సీజన్‌లో రెండే ఆటలు గెలవడంతో, ఆ చివరి ఎంపిక కాస్తా 2024 డ్రాఫ్ట్‌లో మొదటిదై షికాగోకే తిరిగి వచ్చింది.